నర్సమ్మ మేడ మీద రెండు ఎత్తులు

హైదరాబాదు చూసి వచ్చినవాళ్లు చార్మినార్ గురించి చెబుతారు, గాజుల గురించి చెబుతారు. నేను పాతబస్తీలో మూడు రోజులు ఉండి కూడా ఆ రెండూ సరిగ్గా చూడలేదు. నేను చూసింది పురానాపూల్ దగ్గర ఒక మేడ, ఆ మేడ మీద రాతి పలకలో చెక్కిన కూడిక గుర్తు, దాని మీద ఆరబెట్టిన పిడకలు. అటు వెళ్లని వాళ్ల కోసం ఆ మూడు రోజుల సంగతి రాస్తున్నాను. ఇందులో నన్ను నేను మెచ్చుకునే చోటు ఒక్కటీ లేదని ముందే చెప్పేస్తున్నాను.

ఎనభైల మొదట్లో మాట. విశాఖపట్నంలో ఓడల పరికరాలు పరీక్షించే ఒక చిన్న కార్ఖానాలో నేను ఇంజనీరుని. ఓడ సముద్రంలో ఎక్కడుందో ఉపగ్రహాన్ని విని చెప్పే పెట్టెలు అప్పుడప్పుడే మన రేవులకి వస్తున్నాయి. స్టేషన్లో ఆగకుండా దాటిపోయే రైలు కూత ఎలా మారుతుందో, నెత్తి మీదుగా దాటిపోయే ఉపగ్రహం కూత కూడా అలాగే మారుతుంది. ఆ మార్పుని బట్టి పెట్టె మనమున్న చోటు లెక్క కడుతుంది. ఆకాశంలో అలాంటి ఉపగ్రహాలు ఐదో ఆరో ఉండేవి. ఒకటి పోయాక పనికొచ్చేది ఇంకొకటి వచ్చేదాకా గంటల తరబడి కాచుకోవాలి. అంత ఓపిక లేక, అచ్చం ఉపగ్రహంలా కూసే ఇంకో పెట్టెని మేమే తయారు చేసుకున్నాం. దాన్ని మావాళ్లు దొంగ ఉపగ్రహం అనేవారు. దాని లెక్కలన్నీ నావే. ఆ గర్వం నాకు బాగానే ఉండేది. విదేశాల్లో కొత్త రకం ఉపగ్రహాల కోసం ఎడారిలో నేల మీదే నకిలీవి నిలబెట్టి పరీక్షిస్తున్నారని ఒక పత్రికలో చదివి, మనమూ ఆ దారిలోనే ఉన్నామని నలుగురికీ చెప్పుకుని తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లో కాకినాడ తీరంలో మునిగిపోయిన పాత ఓడ ఒకటి నీళ్ల కింద కనపడకుండా ఉండేది. దానికి తగిలి ఒక చేపల పడవ పగిలింది. ఇద్దరు తిరిగి రాలేదు. అందుకని ఆ ఓడకి ఒడ్డు వైపున, నలభై మీటర్ల దూరంలో నీళ్ల మీద తేలే గుర్తు, బోయా ఒకటి దించాలనుకున్నారు. వేటకి వెళ్లేవాళ్లు దాన్ని చూసి తప్పుకుంటారు. ఓడ ఉన్న చోటు అంకెలు మా దగ్గర ఉన్నాయి. ఆ అంకెల దగ్గరికి లాంచీని తీసుకెళ్లాల్సిన పెట్టెని దొంగ ఉపగ్రహంతో పరీక్షించి, బాగుందని సంతకం పెట్టింది నేను. దానికి జంట పెట్టె ఒకటి కార్ఖానాలో మిగిలింది. పురానాపూల్ దగ్గర మేడ మీద సర్వేవాళ్లు వారాల తరబడి కూర్చుని ఉపగ్రహాలతో కొలిచిపెట్టిన గుర్తు ఉందని, ఈ జంట పెట్టెని అక్కడ నిజం ఉపగ్రహంతో ఓసారి చూసి రమ్మని మా పెద్దసారు పంపించాడు. అంతా లాంఛనమే అన్నాడు. నేనూ అలాగే అనుకున్నాను.

యాకుత్‌పురా

మా కార్ఖానాలో సహోద్యోగి ఒకాయన బావగారిది గుంటూరు. సెక్రటేరియట్‌లో గుమాస్తా. యాకుత్‌పురా స్టేషన్‌కి నాలుగిళ్ల అవతల అద్దెకుండేవాడు. నా బస అక్కడ. పొద్దున్నే వీధి చివరి ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లాడు. మా వైపు కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేలోగా సర్వరు బిల్లు తెచ్చి పెడతాడు. ఇక్కడ అరవై పైసల టీ తాగి గంటసేపు కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు. సాసర్లో పోసుకుని చప్పుడు చేస్తూ తాగే పెద్దమనుషుల మధ్య నేను కప్పుతో తాగితే, పక్క టేబులాయన నా వైపు జాలిగా చూశాడు.

తిరిగొచ్చి పెట్టెలు విప్పాను. యాంటెన్నా కింద పళ్లెంలాంటి లోహపు బిళ్ల ఒకటి ఉంటుంది. నేల నుంచి తిరిగొచ్చే అలల్ని అది ఆపుతుంది. రైల్లో ఎవరో దాని మీద ట్రంకు పెట్టె పెట్టినట్టున్నారు, అది మధ్యకి మడిచిన అప్పడంలా అయింది.

"బేగంబజార్ల దొరకని వస్తువుండదండీ," అన్నాడు గుమాస్తా. ఆరేళ్లుగా ఇక్కడున్నాడేమో, ఆయన గుంటూరు తెలుగులో అక్కడక్కడ బజారు మాట కలిసిపోయింది.

బేగంబజార్

బేగంబజార్‌లో నడవడమంటే మూటలకి దారివ్వడమే. "బాజూ హటో, బాజూ!" అంటూ హమాలీలు మీదికొస్తారు. మనం గోడకి అతుక్కుపోవాలి. మిరపకాయల ఘాటుకి కళ్లల్లో నీళ్లు తిరుగుతూ ఇత్తడి సామాను వరసకి చేరాను. దుకాణం సేటు గల్లా దగ్గర కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

నేను టేపు తీసి ఒక్కో పళ్లెం అడ్డం కొలుస్తున్నాను. అంచు లేనిది కావాలి. మధ్యలో చిల్లు పెట్టించుకోవాలి.

"షాదీ కా మాల్ హై క్యా?" పెళ్లి సామానా అని అడిగాడు సేటు.

"కాదు. మధ్యలో చిల్లు పెట్టాలి."

"థాలీ మే ఛేద్?" సేటు గల్లా పెట్టె మూసేశాడు. ఎవరో చచ్చిన వార్త విన్నట్టు చూశాడు. "సాబ్, ఖానే కీ థాలీ మే ఛేద్ నై కర్తే."

అది అన్నం తినే కంచం కాదనీ, దాని మీద ఎవరూ తినరనీ ప్రమాణం చేసినంత పని చేశాను. ఆయన ఒప్పుకోలేదు. చివరికి ఎదురుగా ఉన్న కంచరివాడు వెనక వైపు సొట్టపోయి అమ్ముడుపోని ఒక పళ్లేన్ని తీసి, సేటుకి కనబడకుండా చిల్లు పెట్టి ఇచ్చాడు. ముప్ఫై రెండు రూపాయలు. మా ఊళ్లో ఆ ధరకి మూత కూడా ఇచ్చేవాళ్లు.

పురానాపూల్

రెండో రోజు పొద్దున ఏడింటికే రిక్షాలో రెండు పెట్టెలు, ఒక కారు బ్యాటరీ, ఇత్తడి పళ్లెం పెట్టుకుని పాత వంతెన దగ్గర దిగాను. మూసీ వాసనతో పాటు పేడ వాసన కూడా కలిసి వచ్చింది. ఒకప్పటి దేవిడీలో, అంటే నవాబుల కాలం నాటి పెద్ద భవంతిలో, ఒక ముక్క ఆ ఇల్లు. కింద ఎనిమిది గేదెలు, పైన విశాలమైన మేడ. నర్సమ్మ ఇంటి యజమానురాలు. అరవై ఏళ్లుంటాయి, ఆ వీధి మొత్తానికి పాలు పోసేది ఆవిడే. కొడుకు మల్లేశ్ నా వయసువాడు, సైకిల్ మీద పాల క్యాన్లు వేసుకుని తిరిగేవాడు. సర్వేవాళ్లతో ముందే పరిచయమున్న కుటుంబం కనుక మా పెద్దసారు ఉత్తరం చూపించగానే రానిచ్చారు.

నేను నేరుగా మెట్లెక్కబోతే మల్లేశ్ భుజం పట్టుకుని ఆపాడు.

"జెర ఆగు సార్. నేను ఒర్లుత, అప్పుడెక్కు."

మెట్ల మధ్యలో నిలబడి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టి కేకేశాడు. "పర్దా కర్లో! ఛత్ పో ఆరైఁ!" పక్క ముంగిళ్లలో తలుపులు మూసుకున్న చప్పుళ్లు, ఆడవాళ్ల గాజుల చప్పుళ్లు. అవి సద్దుమణిగాక కానీ నన్ను వదల్లేదు. పక్కనున్నవన్నీ ఘోషా ఉన్న ఇళ్లు. మేడెక్కితే వాళ్ల ముంగిళ్లు కనిపిస్తాయి కనుక మగవాడెవరెక్కినా ముందు కేక వెయ్యాలి. మా వైపు మేడ ఎవరిది వాళ్లదే, ఎప్పుడు పడితే అప్పుడెక్కుతాం. నాకు ఈ ఆచారం విడ్డూరంగా అనిపించింది. మనసులో కాస్త విసుక్కున్నాను కూడా.

గుర్తు మీద పిడకలున్నాయి.

"గవి రేపటికి ఎండుతయ్ సారూ. ఇప్పుడు తీస్తె ఇరుగుతయ్," అంది నర్సమ్మ. బతిమాలితే నాలుగు వరసలు జరిపింది. ఒక్కోటి తీస్తూ, విరిగినవాటిని నా ముందు విడిగా పేర్చింది. నేను చూడాలనే.

సర్వేవాళ్ల కాగితంలో ఆ గుర్తుకి రెండు ఎత్తులు రాసి ఉన్నాయి. ఒకటి నాలుగు వందల తొంభై ఏడు మీటర్లు. రెండోది నాలుగు వందల ఇరవై ఒకటి. మొదటిది సముద్రమట్టం నుంచి, మ్యాపులో ఉన్నదానికి సరిపోయింది. రెండోదే నిజమైతే మూసీ ఈ మేడ మీదుగా పారాలి. ఎవరో టైపిస్టు చేతివాటం అనుకుని, విశాఖపట్నంలోనే ఎర్ర పెన్సిల్‌తో దాన్ని కొట్టేశాను. ఎత్తు మనం చెబితేనే పెట్టె చోటు లెక్క కట్టగలదు. దానికి నాలుగు వందల తొంభై ఏడు చెప్పాను.

ఎనిమిది నలభైకి ఉపగ్రహం తూర్పు వైపు లేచింది. పెట్టె కూత పట్టుకుంది. పదహారు నిమిషాలు నేను కదలకుండా కూర్చున్నాను, ఎందుకో తెలియదు, లాంఛనమే కదా. ఆఖరికి కాగితం చుట్ట కిర్రుమంటూ బయటికొచ్చింది. చూశాను. మళ్లీ చూశాను. నేను కూర్చున్న చోటికి నూట పది మీటర్లు పడమరగా, మూసీ ఇసుకలో ఎక్కడో ఉన్నానంటోంది పెట్టె.

వెంటనే దొంగ ఉపగ్రహం తీగ తగిలించి చూశాను. అంగుళం తేడా లేకుండా సరైన చోటే చెప్పింది. తీగ తీసి మళ్లీ తగిలించాను. మళ్లీ సరిగ్గానే చెప్పింది. అదే పెట్టె, అదే మేడ, అదే గంట. నకిలీకి నిజం చెబుతోంది, అసలుకి అబద్ధం చెబుతోంది.

దీని జంట పెట్టె మర్నాడు మధ్యాహ్నం పోటుకి లాంచీలో వెళుతోంది. నలభై మీటర్ల ఎడంలో దించాల్సిన బోయాకి నూట పది మీటర్ల తప్పు వస్తే ఏమవుతుందో లెక్క చెయ్యక్కర్లేదు. అప్పుడే ఫోన్ చెయ్యాల్సింది. చెయ్యలేదు. ఇత్తడి పళ్లెం వల్లేనేమో అనుకున్నాను. ఒక్కసారి చూసి ఏం చెబుతాం అనుకున్నాను. అసలు కారణం ఇవేవీ కావు. సంతకం నాది. లెక్కలు నావి. కారణం తెలియకుండా తప్పయిందని చెప్పడానికి నోరు రాలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

చెప్పకుండా ఎక్కినందుకు

తప్పు ఎక్కడుందో తేలాలంటే పడమటి వైపు నుంచి పోయే ఉపగ్రహం ఒకటి కావాలి. అప్పుడు కూడా పడమరకే తప్పితే పళ్లెమో, పెట్టె లోపలి గడియారమో. తూర్పుకి తప్పితే ఇంకేదో. పడమటిది మూడు పదికి ఉంది. మధ్యాహ్నం నర్సమ్మ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. మా వైపు పులుసంటే పొయ్యి మీద ఉడకాలి. ఇదేమో చింతపండు పులుసులో ఉల్లిపాయ పిసికితే అంతే. రొట్టె సగం తిన్నాక, బ్యాటరీ బలహీనంగా ఉందని గుర్తొచ్చి చార్జి చేయించడానికి బజారుకి పరుగెత్తాను. అక్కడి మెకానిక్ ఐదు నిమిషాలన్నాడు, గంట చేశాడు.

తిరిగొచ్చేసరికి మూడు దాటి ఐదు నిమిషాలు. మల్లేశ్ లేడు, నర్సమ్మ గేదెల దగ్గరుంది. బ్యాటరీ పట్టుకుని మెట్లు రెండేసి ఎక్కి మేడ మీద పడ్డాను. కేక వెయ్యాలన్న సంగతే తలలో లేదు.

పక్క ముంగిట్లో ముగ్గురు ఆడవాళ్లు తల స్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటున్నారు. ఒక్కసారిగా అరుపులు. బకెట్ దొర్లింది. అటు చూడకూడదని తెలిసి ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాను. అది ఇంకా అసహ్యంగా ఉందని తర్వాత సంగతి విన్న మల్లేశ్ అన్నాడు.

రెండు నిమిషాల్లో వీధి మొత్తం నర్సమ్మ గుమ్మంలో ఉంది. ఒకాయన నా కాలరు పట్టుకున్నాడు. నర్సమ్మ పరుగున వచ్చి ఆ చెయ్యి విడిపించింది, కానీ నా వైపు తిరిగి అంతకంటే గట్టిగా కేకలేసింది.

"ఏంది సారూ గిట్ల జేస్తివి? నలభై ఏండ్ల సంది గీ మేడ మీదికెల్లి ఒక్క మాట రాలె మాకు. మీకు చదువున్నది, నోరు లేదా? గంత లొల్లి ఎందుకు తెస్తివి నా ఇంటి మీదికి?"

నా తలకి పైన ఎక్కడో ఉపగ్రహం పడమటి వైపు నుంచి మెల్లిగా దాటిపోయింది. మేడకి తాళం పడింది.

ఖాదర్ సాబ్ వరండా

ఆ పక్కిల్లు ఖాదర్ సాబ్‌ది. కోర్టులో పనిచేసి రిటైరయిన పెద్దాయన. ఆ వీధిలో ఆయన మాటకి ఎదురు లేదు. సాయంత్రం మల్లేశ్ నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వరండాలో నిలబెట్టారు. కూర్చోమనలేదు.

"ఆప్ పఢే లిఖే ఆద్మీ హై నా?" చదువుకున్న మనిషివే కదా అన్నాడాయన, పేపరు మీంచి తలెత్తకుండా.

తప్పు నాదేనన్నాను. మీ ఇంటి ఆడవాళ్లకి క్షమాపణ చెబుతున్నానన్నాను. ఆ పెట్టె ఏమిటో, మునిగిన ఓడ ఏమిటో, ఉపగ్రహం ఏమిటో, అంతా చెప్పాను. ఫలానా నిమిషానికి వస్తుందనీ, అది పోతే మళ్లీ దొరకదనీ చెప్పాను. ఆయన పేపరు మడిచాడు.

"ఒక్క మాట చెప్పు. గది మా ఇంటి మీదికి ఎప్పుడొస్తదో నీకు ముందే ఎరుకనా?"

"నిమిషంతో సహా తెలుసండీ. జాబితా ఉంది."

"మరి మాకెందుకు చెప్పలే?"

నిమిషాలు నాకు తెలుసు, జాబితా జేబులో ఉంది, దాని కింద మనుషులు కాపురముంటున్నారన్న సంగతే నాకు తోచలేదు.

మర్నాడు పడమటి వైపు నుంచి పది యాభైకి ఇంకొకటి ఉంది. లాంచీ బయల్దేరేది ఒంటిగంటకి. ఆయన జాబితా తీసుకుని, కళ్లజోడు సవరించుకుని, లోపలికి కేకేసి ఆ సమయం రెండుసార్లు చదివి వినిపించాడు. తర్వాత నా వైపు చూశాడు.

"పావుగంట ఇస్త. మల్లేశ్ ఒర్లినంక ఎక్కాలె. పావుగంట కాంగనె దిగాలె. గంతే."

ఉపగ్రహం దాటడానికి పద్దెనిమిది నిమిషాలు పడుతుందని చెప్పబోయి, మల్లేశ్ మోచేత్తో పొడిచేసరికి ఊరుకున్నాను.

పావుగంట

మూడో రోజు పొద్దున ఏ టీ రుచీ తెలియలేదు. పదింటి నుంచే మెట్ల కింద కూర్చున్నాను. పదీ నలభై ఐదుకి మల్లేశ్ కేకేశాడు. తలుపులన్నీ మూసుకున్నాయి. ఎక్కాను. సొట్ట ఇత్తడి పళ్లెం తీసేసి, దాని బదులు మడతపడిన పాత బిళ్లనే సుత్తితో సాపు చేసి పెట్టాను. పది యాభైకి కూత దొరికింది. సన్నగా మొదలై బలపడింది. పది నిమిషాలు. పన్నెండు. కింద వరండాలో ఖాదర్ సాబ్ చేతి గడియారం పట్టుకుని నిలబడ్డాడని తెలుసు.

"సార్, టైమయింది," అన్నాడు మల్లేశ్ మెట్ల మీంచి.

పెట్టెని అక్కడే వదిలేసి దిగాను. దానంతట అదే వింటుంది, లెక్క కడుతుంది. కానీ కాగితం చూడాలంటే ఉపగ్రహం పూర్తిగా దాటాలి, ఆ తర్వాత మళ్లీ కేక వేసి ఎక్కాలి. ముంగిట్లో అటూ ఇటూ తిరిగాను.

"ఫికర్ జెయ్యకు సారూ, కూసో," అంది నర్సమ్మ, పాల గిన్నె తోముతూ. నిన్నటి కోపం ఇంకా ఉంది, అయినా నా మొహం చూసి మెత్తబడినట్టుంది. నన్ను మాటల్లో పెట్టాలని గోడ చూపించింది. ఛాతీ ఎత్తున ఒక గీత చెక్కి ఉంది. "తుగ్యానీల గింత మట్టం వచ్చినయట నీళ్లు. మూసీ పొంగినప్పుడు. మా అత్త చూసింది."

ఏదో ఒకటి అనాలని, "అంతేనా?" అన్నాను.

"ఖాదర్ సాబ్ ఇంట్ల అయితె తల్పు మీదికెల్లి ఉన్నది గీత. మస్తు పైన."

"అదెలా? వరద ఒకటే కదా. పక్కపక్క ఇళ్లు."

ఆవిడ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "నీళ్లు ఎక్కువ తక్కువ ఎట్లయితయ్ సారూ? నీళ్లు ఒక్క తీరే. వాళ్ల గడప కిందికున్నది, మాది మీదికున్నది. ఎవరి గడప కాడికెల్లి వాళ్లు కొలుస్తరు."

తల కొట్టేసినట్టయింది. ఎర్ర పెన్సిల్ గీత నా కళ్ల ముందు నిలబడింది. రెండు ఎత్తులు. రెండూ నిజమే. రెండు గడపలు.

కాస్త విడమరిచి చెబుతాను. ఉపగ్రహాల లెక్క కట్టేవాళ్లు భూమిని నున్నటి గోళంగా ఊహించుకుని దాని పైనుంచి ఎత్తు కొలుస్తారు. నిజం సముద్రం ఆ ఊహకి అణిగి ఉండదు. మన దేశం చుట్టూ అది ఆ గోళానికి డెబ్భై ఎనభై మీటర్ల కిందకి ఉంది. ఇది నేను పుస్తకంలో చదివిందే, పరీక్ష రాసి మరిచిపోయిందే. సముద్రం మీద ఓడ ఎత్తు సున్నా అని పెట్టెకి చెప్పాను. దొంగ ఉపగ్రహం లెక్కలోనూ సున్నా అనే రాశాను. ఈ మేడ మీదా రెండింటికీ నాలుగు వందల తొంభై ఏడే ఇచ్చాను. ప్రశ్నలోనూ జవాబులోనూ ఒకే తప్పు ఉంటే రెండూ సరిపోక ఏమవుతాయి? అసలు ఉపగ్రహానికి మాత్రం నా తప్పు తెలియదు. మనం ఎత్తు ఎక్కువ చెప్పినప్పుడు అది తూర్పున పోతే చోటు పడమరకి జరుగుతుంది, పడమరన పోతే తూర్పుకి జరుగుతుంది.

"మల్లేశ్, ఒర్లు!" అని అరిచాను. నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. మల్లేశ్ కేకేశాడు. ఈసారి తలుపులు మూసుకునేదాకా ఆగాను. ఎక్కి కాగితం చించాను. ఎనభై మీటర్లు. తూర్పుకి.

దాటిపోయిన ఉపగ్రహాన్ని మళ్లీ లెక్క కట్టే వీలు ఆ పెట్టెలో ఉంది. నాలుగు వందల తొంభై ఏడు తీసేసి, నేను కొట్టేసిన నాలుగు వందల ఇరవై ఒకటి నొక్కాను. కాగితం కిర్రుమంది. కూడిక గుర్తుకి పన్నెండు మీటర్లు. నిన్న పొద్దుటి తూర్పు ఉపగ్రహాన్నీ అలాగే కట్టాను. తొమ్మిది మీటర్లు. సంతోషించాల్సింది. ఏడుపొచ్చింది. టైము పదకొండున్నర.

తపాలా ఆఫీసు

మల్లేశ్ పాల క్యాన్లు దింపేసి నన్ను సైకిల్ వెనక ఎక్కించుకున్నాడు. తపాలా ఆఫీసులో కాకినాడకి, అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ కాల్ బుక్ చేశాను. అది ఎంత ఖరీదో చెప్పడానికి కౌంటర్లో గుమాస్తా నోరు తెరిచాడు, నేను వినలేదు. లైన్లు బిజీ. పన్నెండు. పన్నెండుంపావు. మల్లేశ్ బల్ల మీద కూర్చున్నాడు. ఏమైనా అడిగితే అరిచేవాణ్ణేమో.

పన్నెండున్నరకి రేవు ఆఫీసు దొరికింది.

"లాంచీయా అండీ? పోటు ముందే వచ్చిందని బయల్దేరిపోయారండి. పావుగంటయిందండి."

కాలువ గట్టున ఎవరినైనా సైకిల్ మీద పంపమన్నాను, సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్లు పెరిగేదాకా ఆగుతారు కదా, అక్కడ ఆపమన్నాను, బోయా దించొద్దని చెప్పమన్నాను. పెట్టె తప్పు చెబుతోందన్నాను. "మీరే కదండీ బాగుందన్నారు?" అన్నాడాయన. "నేనే అన్నాను. తప్పు. నా తప్పు," అని అరిచాను. ఆఫీసులో అందరూ నా వైపు తిరిగారు. లైన్ తెగింది.

మళ్లీ బుక్ చేశాను. గంటా పది నిమిషాలు. ఇద్దరు మనుషులు తిరిగిరాని ఆ పడవ తప్ప నా తలలో ఇంకేమీ లేదు. మల్లేశ్ ఎక్కణ్ణుంచో ఉస్మానియా బిస్కెట్లు తెచ్చి చేతిలో పెట్టాడు. అవి చేతిలోనే పొడైపోయాయి.

ఒకటీ నలభైకి "కాకినాడ, మాట్లాడండి," అంది ఆపరేటర్. ఫోన్లో రొప్పుతున్న గొంతు. లాంచీ నడిపే సరంగు అప్పన్నది. మొగ దగ్గర ఆపేశారట, ఆఫీసు పంపిన మనిషి అరుస్తూ గట్టెంట వచ్చాడట, అప్పన్న వాడి సైకిలే తీసుకుని తొక్కుకుంటూ ఆఫీసుకొచ్చాడట. నేను బల్లకి ఆనుకున్నాను.

"ఎంత తప్పండీ?" అన్నాడు.

"వంద మీటర్ల దాకా."

"ఏ వైపుకండీ?"

"ఉపగ్రహం ఏ వైపు పోతుందో దాన్ని బట్టి. ఇవాళ సాయంత్రం నీకు దొరికేది తూర్పుది. పెట్టె చెప్పిన చోట దించితే బోయా వంద మీటర్లు సముద్రం వైపు పడేది."

డబ్బులు కాలిపోతున్నాయని కౌంటర్లోంచి గుమాస్తా చెయ్యి ఊపాడు.

"అంటే ఓడకి అవతల పడేదండీ," అన్నాడు అప్పన్న నెమ్మదిగా. "మావోళ్లు ఒడ్డు నించి బోయా చూసుకునే పోతారండి. బోయా ఇంకా దూరముందిలే అనుకుంటా ఓడ మీదికి పోయేవోరు."

నేను రిసీవరు రెండో చెవికి మార్చుకున్నాను.

"ఇంజనీరుగారూ, ఉన్నారా?"

"ఉన్నాను."

"పెట్టె బాగు చేసుకుని రండి. ఆ రోజు మీరూ మాతో లాంచీ ఎక్కండి. పెట్టె పక్కన కూకుని, మీరు దించమంటే దించుతాను. నేనొక్కణ్ణీ దించనండి."

వస్తానన్నాను. సముద్రం ఎత్తు సరిచేసిన పెట్టెతో ఎనిమిది రోజుల తర్వాత వెళ్లాను. లాంచీ ఎక్కిన పావుగంటకే వాంతులు మొదలయ్యాయి, పెట్టె పక్కన బకెట్ పెట్టుకుని కూర్చున్నాను. తూర్పుది ఒకటి, పడమటిది ఒకటి, రెండు ఉపగ్రహాలు దాటేదాకా ఆగాం. రెండూ ఒకే చోటు చెప్పాయి. అప్పన్న నా మొహం వైపు చూశాడు. దించమన్నాను. ఈతగాడు దిగి తాడు పట్టుకుని వెతికితే ఓడ అంచు మేమనుకున్న వైపే, అనుకున్నంత దూరంలోనే తగిలింది.

ఆ తర్వాత నేను సంతకం పెట్టిన ప్రతి పెట్టెతోనూ మొదటి ప్రయాణం నేనూ చేస్తున్నాను. కార్ఖానాలో అదిప్పుడు రూలైంది. నాకు ఈత రాదు. సంతకం పెట్టేముందు అంకెలు ఎన్నిసార్లు చూస్తానో వేరే చెప్పాలా.